విశ్వాసం, రాజకీయం, సామాజిక న్యాయం: పదే పదే అడిగే ప్రశ్నలు

ఆరాధన అయిపోయి కుర్చీలు సర్దేటప్పుడు, యూత్ మీటింగ్‌లో, రాత్రి పన్నెండింటికి వాట్సాప్‌లో, ఎక్కడ చూసినా అవే డౌట్లు తిరిగి తిరిగి వస్తున్నాయి, ఒక్కొక్కళ్ళకి మళ్ళీ మొదట్నుంచి చెప్పలేక అన్నీ ఒకచోట రాసి పెట్టేస్తున్నా. నేను పాస్టర్ని కాను, కొన్నేళ్ళుగా బైబిల్ స్టడీ నడుపుతున్న మామూలు విశ్వాసిని. వరసగా చదవాల్సిన పన్లేదు, మీ డౌట్ ఎక్కడుంటే అక్కడికెళ్ళిపోండి.

## అసలు మనకెందుకు అనేవాళ్ళకి

యేసు "నా రాజ్యం ఈ లోకసంబంధమైనది కాదు" అన్నాడు కదా, ఇంక రాజకీయాలతో మనకేం పని?

ఆ మాట ఎవరితో అన్నాడో చూడండి. పిలాతుతో, అంటే రోమా గవర్నర్‌తో, ప్రాణం మీదికొచ్చిన విచారణలో. అదే వచనంలో (యోహాను 18:36) కారణం కూడా చెప్పాడు, ఈ లోకసంబంధమైనదైతే నా సేవకులు పోరాడి ఉండేవాళ్ళు అని. కత్తితో వచ్చే రాజ్యం కాదంటున్నాడు, లోకంలో ఏం జరిగినా నాకు పట్టదు అనట్లేదు. పట్టకపోతే నజరేతు సమాజమందిరంలో గ్రంథం విప్పి బీదలకి సువార్త, చెరలో ఉన్నవాళ్ళకి విడుదల, నలిగినవాళ్ళకి విముక్తి అని చదివి, ఇది ఈరోజే నెరవేరింది అని ఎందుకంటాడు? ఇంకోటి, ఆయన తల పైన సిలువకి తగిలించిన నేరం "యూదుల రాజు". రాజకీయంతో అసలు సంబంధమే లేని మనిషికి ఆ బోర్డు పెట్టరండి.

"కైసరువి కైసరుకి, దేవునివి దేవునికి" అంటే రెండూ వేరు వేరు డిపార్ట్‌మెంట్లు అనేగా?

చాలామంది అలాగే చదువుతారు, నేనూ చాలాకాలం అలాగే చదివా. కానీ యేసు దేనారం తెప్పించి ముందు అడిగింది ఈ రూపం, పైవ్రాత ఎవరివి అని. నాణెం మీద కైసరు (రోమా చక్రవర్తి) రూపం ఉంది కాబట్టి అది కైసరుకి పోనీ. మరి దేవుని రూపం దేని మీద ఉంది? ఆదికాండం మొదటి అధ్యాయం ప్రకారం మనిషి మీద. అంటే కైసరు చిల్లర తీసుకోవచ్చు గానీ మనిషిని తన సొత్తు అనుకోడానికి లేదు. అడిగినవాళ్ళు పన్ను గురించి అడిగారు, ఆయన జవాబు కైసరు ఎంతవరకు అడగొచ్చో కూడా గీత గీసేసింది.

ప్రార్థన చేస్తే చాలదా?

నిర్గమకాండం 14:15 తీయండి. ముందు సముద్రం, వెనక ఫరో రథాలు. అప్పుడు దేవుడు మోషేని నాకెందుకు మొరపెడుతున్నావు, సాగిపోండని జనానికి చెప్పు అంటాడు. యెషయా మొదటి అధ్యాయంలో ఇంకా ఘాటు, మీరు ఎంతసేపు ప్రార్థన చేసినా వినను, మీ చేతుల నిండా రక్తం ఉంది, ముందు న్యాయం జాగ్రత్తగా విచారించండి, తండ్రిలేనివాడి పక్షం నిలబడండి అని. ప్రార్థన మానేయమని ఎవరూ అనట్లేదు, అది తప్పించుకోడానికి వాడే మాట అయిపోయిందని నా బాధ.

సామాజిక న్యాయం అంటే కమ్యూనిజానికి క్రైస్తవం రంగు పూయడమే కదా?

మార్క్స్ పుట్టింది 1818లో. ఆమోసు ప్రవక్త అంతకి రెండున్నర వేల ఏళ్ళ ముందువాడు, పశువుల కాపరి, మేడి పండ్లు ఏరుకునేవాడు, అతను తిట్టిన తిట్లు చూస్తే తూకం రాళ్ళ దాకా వెళ్తాయి. కొలత చిన్నది చేసి రేటు పెంచేవాళ్ళని, దొంగ త్రాసు పెట్టేవాళ్ళని, చచ్చు ధాన్యాన్ని అమ్మేవాళ్ళని, చెప్పుల జోడు ఖరీదుకి బీదవాణ్ణి కొనేవాళ్ళని పట్టుకుని వరసగా కడిగేస్తాడు (8వ అధ్యాయం). కూలివాడి కూలి రాత్రంతా నీ దగ్గర ఉంచుకోకూడదు అన్నది లేవీయకాండం. యాకోబు పత్రిక 5:4లో అయితే బిగబట్టిన కూలి డబ్బే మొర పెడుతుంది. నాకు అన్నిటికంటే గట్టిగా తగిలేది యిర్మీయా 22. రాజైన యెహోయాకీము జనాలతో ఊరికే పని చేయించుకుని దేవదారు పలకలతో, ఎర్ర రంగు పూసి పెద్ద ప్యాలెస్ కట్టుకుంటుంటే, మీ నాన్న యోషీయా దీనుల వ్యాజ్యం తీర్చాడు, నన్ను తెలుసుకోవడం అంటే అదే కదా అని దేవుడు అడుగుతాడు. దేవుణ్ణి తెలుసుకోవడానికి ఇంత సూటి నిర్వచనం బైబిల్లో ఇంకెక్కడా నాకు కనపడలేదు. ఇందులో ఏ పార్టీ మేనిఫెస్టో ఉందో మీరే చెప్పండి.

## వాక్యం దగ్గర ఆగిపోయినవాళ్ళకి

రోమా 13 ప్రకారం ప్రభుత్వానికి లోబడాలి, మరి ప్రశ్నించడం పాపం కాదా?

ఈ ప్రశ్న ఎక్కువసార్లు వస్తుంది కాబట్టి కొంచెం పెద్దగానే చెప్తా. పౌలు ఆ పత్రిక రాసినప్పుడు రోములో నీరో చక్రవర్తి, ఇంకా హింస మొదలుపెట్టలేదు. అధికారాలు దేవుని వలన నియమింపబడ్డాయి అని రాసినాయనే, 4వ వచనంలో అధికారి నీ మేలు కోసం ఉన్న దేవుని సేవకుడు అని కూడా రాశాడు, అంటే ఉద్యోగం ఇచ్చినాయన డ్యూటీ ఏంటో కూడా చెప్పాడు. సేవకుడు డ్యూటీ తప్పితే యజమాని వైపు నిలబడి అడగడం తిరుగుబాటు ఎలా అవుతుంది? ఫిలిప్పీలో విచారణ లేకుండా కొట్టి జైల్లో వేసి, తెల్లారి గుట్టుగా పొమ్మంటే పౌలు పోలేదు, మేము రోమా పౌరులం, వాళ్ళే వచ్చి బయటికి తీసుకెళ్ళమను అని కూర్చున్నాడు (అపొ. కార్యములు 16). లోబడు అన్నాయనే హక్కు అడిగాడు.

ఇంకా వెనక్కి వెళ్తే మగపిల్లల్ని చంపమన్న ఫరో ఆర్డర్‌ని షిఫ్రా, పూయా అనే ఇద్దరు మంత్రసానులు పక్కన పడేశారు. ఆ ఫరో పేరు బైబిల్ రాయలేదు, ఈ ఇద్దరి పేర్లు రాసింది! మనుషులకి కాదు దేవునికే లోబడాలి అన్నది పేతురు. ప్రకటన 13లో వచ్చేసరికి అదే సామ్రాజ్యం క్రూరమృగంలా కనిపిస్తుంది. రోమా 13 ఒక్కటే పట్టుకుని ప్రకటన 13 మూసేస్తే ఏమవుతుందో హిట్లర్ జర్మనీలో, వర్ణవివక్ష నాటి దక్షిణాఫ్రికాలో చూశాం, రెండుచోట్లా పల్పిట్ల మీద ఆ అధ్యాయం బాగా నడిచింది.

బైబిల్లోనే బానిసత్వం ఉంది కదా, దాన్నుంచి న్యాయం ఎలా వస్తుంది?

ఉంది, దాచిపెట్టక్కర్లేదు. యజమానులు ఆ వచనాలే వాడుకున్నారు. కానీ ఒక విషయం గమనించండి, 1807లో లండన్‌లో కరీబియన్ దీవుల్లోని బానిసల కోసం ఒక బైబిల్ అచ్చు వేశారు, అందులో ఇశ్రాయేలీయులు ఐగుప్తు నుంచి బయటపడే కథ లేదు, పాత నిబంధనలో చాలావరకు కోసేశారు, యజమానికి లోబడు అన్న మాట మాత్రం ఉంచారు. పూర్తి పుస్తకం వాళ్ళ చేతికిస్తే ఏమవుతుందో కత్తెర పట్టుకున్నవాడికి మనకంటే బాగా తెలుసు.

బీదలకి అన్నం పెడుతున్నాం, బట్టలిస్తున్నాం, ఇంకా న్యాయం అని వేరే ఏంటి?

పెట్టండి, ఆపొద్దు. యోబు 29లో యోబు తన మంచి రోజులు తలుచుకుంటూ గుడ్డివాడికి కన్ను అయ్యాను, కుంటివాడికి పాదం అయ్యాను అంటాడు, అక్కడితో ఆగడు, నాకు తెలియనివాడి వ్యాజ్యం కూడా శ్రద్ధగా విచారించాను, దుర్మార్గుడి దవడ పళ్ళు ఊడగొట్టి వాడి నోట్లోంచి దోపుడు సొమ్ము లాగాను అంటాడు. మొదటిది చేస్తే అందరూ మెచ్చుకుంటారు. రెండోది మొదలుపెడితే ఫోన్లు రావడం మొదలవుతుంది, ఎందుకంటే ఎవడి నోట్లోంచో లాగాలి కదా.

## చరిత్ర అడిగేవాళ్ళకి

బానిసత్వాన్ని ఆపింది క్రైస్తవులే అంటారు, నిజమేనా?

సగం నిజం. 1787లో లండన్‌లో బానిస వ్యాపారానికి వ్యతిరేకంగా పెట్టిన కమిటీలో 12 మంది ఉంటే 9 మంది క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవాళ్ళు. విల్బర్‌ఫోర్స్ అనే ఎంపీ బ్రిటిష్ పార్లమెంటులో ఏళ్ళ తరబడి బిల్లు పెట్టి ఓడిపోయి, పెట్టి ఓడిపోయి, 1807కి వ్యాపారం నిషేధించారు, 1833కి బానిసత్వం రద్దు చట్టం వచ్చింది. తానే బానిసగా బతికి, తన విడుదల తానే కొనుక్కుని, తన కథ 1789లో పుస్తకంగా తెచ్చిన ఒలౌడా ఎక్వియానో లాంటివాళ్ళని మాత్రం మన ప్రసంగాల్లో ఎవరూ తలచరు, అదొక లోటు.

ఇంక రెండో సగం. సువార్త వ్యాప్తి కోసం ఆంగ్లికన్లు, అంటే ఇంగ్లండ్ సంఘంవాళ్ళు పెట్టిన సొసైటీకే బార్బడోస్‌లో కాడ్రింగ్టన్ అనే చెరకు ఎస్టేట్లు ఉండేవి, అక్కడి బానిసల ఛాతీ మీద ఎర్రగా కాల్చిన ఇనుముతో "సొసైటీ" అని ముద్ర వేసేవాళ్ళు. బానిసత్వం రద్దయినప్పుడు ప్రభుత్వం 2 కోట్ల పౌండ్ల పరిహారం ఇచ్చింది, విడుదలైనవాళ్ళకి అనుకునేరు, యజమానులకి! ఆ సొసైటీ కూడా తీసుకుంది. ఇంగ్లండ్ సంఘం దీనికి క్షమాపణ చెప్పింది 2006లో. విల్బర్‌ఫోర్స్ మనవాడు అని చెప్పుకుంటే ఆ ముద్ర కూడా మనదే అని ఒప్పుకోవాలి, నచ్చిన సగం తీసుకుంటామంటే కుదరదు.

సంఘం నిజంగా అన్యాయానికి అడ్డు నిలబడిన సందర్భాలున్నాయా?

ఉన్నాయి. 1955 డిసెంబర్‌లో అమెరికాలోని మాంట్‌గోమరీలో, బస్సుల్లో నల్లజాతివాళ్ళ మీద వివక్షకి వ్యతిరేకంగా బస్సుల బహిష్కరణ మొదలైనప్పుడు మీటింగులు జరిగింది సంఘాల్లో, రోజూ పనికెళ్ళేవాళ్ళని ఎక్కించుకోడానికి కార్లు ఎక్కడ ఆగాలి ఎవరు నడపాలి అన్న లెక్కలు కూడా చాలావరకు వాళ్ళే చూసుకున్నారు, అలా 381 రోజులు. పాట, ప్రసంగం ఎంత ముఖ్యమో పెట్రోల్ లెక్క కూడా అంతే ముఖ్యం అక్కడ. ఎల్ సాల్వడార్‌లో ఆర్చిబిషప్ రొమేరో 1980 మార్చి 23 ఆదివారం సైనికులతో, మీరు చంపుతున్నది మీ సొంత అన్నదమ్ముల్ని, ఆపండి అని చెప్పాడు, మర్నాడు సాయంత్రం బలిపీఠం దగ్గరే కాల్చేశారు. కమ్యూనిస్టు పాలనలోని తూర్పు జర్మనీలో, లైప్‌జిగ్‌లోని సెయింట్ నికొలస్ చర్చిలో ఏళ్ళ తరబడి సోమవారం సోమవారం శాంతి ప్రార్థన, మొదట్లో గుప్పెడు మంది, 1989 అక్టోబర్ 9న బయట నడిచింది సుమారు 70 వేల మంది. నెల తిరిగేసరికి బెర్లిన్ గోడ తెరుచుకుంది.

అయితే ధైర్యానికి కూడా గుడ్డి మచ్చలుంటాయి. నాజీల పెత్తనాన్ని సంఘంలోకి రానివ్వం అని 1934లో బార్మెన్‌లో ప్రకటన చేసినవాళ్ళు ఆ కాగితంలో యూదుల మీద జరుగుతున్న హింస గురించి ఒక్క ముక్క రాయలేదు.

రువాండాలో ఎక్కువమంది క్రైస్తవులే కదా, అక్కడ ఏమైంది మీ విశ్వాసం?

ఈ ప్రశ్నకి నా దగ్గర మంచి జవాబు లేదు. 1994లో టుట్సీ తెగవాళ్ళ మీద జరిగిన మారణహోమంలో జనం ప్రాణాలు దక్కుతాయని న్తరామా, న్యరుబుయే లాంటిచోట్ల చర్చిల్లోకి పరిగెత్తారు, వాళ్ళని అక్కడే నరికారు. చంపినవాళ్ళూ బాప్తిస్మం తీసుకున్నవాళ్ళే, కొందరు ఫాదర్లు, పాస్టర్లు చేతులు కలిపారు. 2017లో పోప్ ఫ్రాన్సిస్ సంఘం పాపానికి దేవుణ్ణి క్షమాపణ అడిగాడు. అధికారంలో ఉన్నవాళ్ళకి సంఘం అంత దగ్గరగా కూర్చుంటే వాళ్ళ ద్వేషం కూడా మనదైపోతుంది అని తప్ప ఇంకేం చెప్పలేను.

ప్రభుత్వమే క్రైస్తవ ప్రభుత్వం అయితే అన్నీ బాగుపడవా?

ఒకసారి చేసి చూశారు. 313లో రోమా సామ్రాజ్యంలో క్రైస్తవుల మీద హింస ఆగింది, 380లో థియొడోసియస్ చక్రవర్తి క్రైస్తవాన్నే సామ్రాజ్యపు మతం చేశాడు, 385 నాటికి ప్రిసిల్లియన్ అనే బిషప్‌ని ఇంకో క్రైస్తవ చక్రవర్తే చంపించాడు, మతభేదం గొడవలో. సింహాల నోట్లోంచి బయటపడి డెబ్బై రెండేళ్ళలో ఇక్కడికొచ్చాం. మిలాన్ బిషప్ ఆంబ్రోస్‌ని చూడండి, థెస్సలొనికాలో ఊచకోత చేయించాడని 390లో అదే థియొడోసియస్‌తో బహిరంగంగా పశ్చాత్తాపం చేయించాడు, ఎంత గొప్ప విషయం! కానీ అంతకి రెండేళ్ళ ముందు, క్రైస్తవుల గుంపు తగలబెట్టిన యూదుల సమాజమందిరాన్ని తిరిగి కట్టించమని చక్రవర్తి అంటే వద్దని అడ్డుపడింది కూడా ఈయనే. రాజుని గద్దించే దమ్ము, రాజుతో మనవాళ్ళ పని చేయించుకునే చొరవ, ఒకే మనిషిలో.

మతం, ప్రభుత్వం వేరుగా ఉండాలన్నది దేవుణ్ణి నమ్మనివాళ్ళ ఐడియా కదా?

కాదండి, బాప్టిస్టుల ఐడియా, అంటే వాళ్ళు గట్టిగా అడిగారు. థామస్ హెల్విస్ 1612లో ఇంగ్లండ్ రాజుకి, నువ్వు మనిషివి, మా ఆత్మల మీద నీకు అధికారం లేదు, వేరే మతంవాళ్ళ మీద కూడా లేదు అన్న అర్థంలో రాసి జైల్లో పడ్డాడు, అక్కడే పోయాడు. అమెరికాలో మసాచుసెట్స్ నుంచి రోజర్ విలియమ్స్‌ని వెళ్ళగొడితే 1636లో ప్రావిడెన్స్ ఊరు పెట్టి అందరి మనస్సాక్షికీ చోటిచ్చాడు. బలవంతంగా చేయించిన ప్రార్థన దేవుడికి అక్కర్లేదు అన్నది వాళ్ళ పాయింటు.

## ఓటు, పార్టీ, పల్పిట్

పాస్టర్ గారు పల్పిట్ మీద నుంచి ఫలానావాళ్ళకి ఓటెయ్యండి అని చెప్పొచ్చా?

నా అభిప్రాయం, వద్దు. ఒక ఆదివారం ఏం జరిగిందో చెప్తా. ప్రసంగానికి ముందు ఒక అభ్యర్థి వచ్చాడు, ముందు వరసలో కూర్చున్న సండే స్కూల్ పిల్లల్ని లేపి వెనక్కి పంపారు, ఆయన మనుషులు అక్కడ కూర్చున్నారు, మైకు ఇచ్చారు, పద్దెనిమిది నిమిషాలు మాట్లాడాడు (నేను వాచీ చూసుకున్నా, ఒప్పుకుంటున్నా). తర్వాత టైం లేదని సాక్ష్యాలు తీసేశారు. ఒక పెద్దావిడ, పని చేసిన ఇంట్లో మూడు నెలలుగా జీతం ఇవ్వట్లేదు ప్రార్థన చేయండి అని చీటీ రాయించుకుని తెచ్చింది, దాన్ని నాలుగు మడతలు పెట్టి మళ్ళీ బైబిల్లో పెట్టుకుని వెళ్ళిపోయింది. ఆరోజు నాకు బేతేలు యాజకుడు అమజ్యా గుర్తొచ్చాడు, ఆమోసుతో ఇక్కడ ప్రవచించకు, ఇది రాజుగారి మందిరం అని అనేశాడు కదా, అలాగే.

అన్యాయం పేరు పెట్టి చెప్పడం పల్పిట్ పనే, కూలి ఎగ్గొట్టడం పాపం అని చెప్పాలి, ఎవరు ఎగ్గొట్టినా. గుర్తు చూపించి ఓటు అడగడం వేరు. రేపు ఆ గెలిచినాయనే తప్పు చేస్తే పాస్టర్ గారు దావీదు రాజు ముందు నిలబడిన నాతాను ప్రవక్తలా వేలు చూపించి ఆ మనుష్యుడవు నీవే అనగలరా? అనలేని స్థితి తెచ్చుకోకూడదు.

అభ్యర్థి క్రైస్తవుడైతే ఓటు ఆయనకేగా వెయ్యాలి?

ఆహాబు కూడా ఇశ్రాయేలు రాజే, నాబోతు ద్రాక్షతోట కోసం నాబోతుని చంపించి తోట తీసుకున్నది ఆయన ఇంటివాళ్ళే, అదీ ఉపవాసం చాటించి, దేవుణ్ణి దూషించాడని దొంగ సాక్షుల్ని పెట్టి. భక్తి భాష అంతా పక్కాగా ఉంది అక్కడ. పేరు చూడకండి, ఇప్పటిదాకా చేసిన పని చూడండి, తన కింద పనిచేసేవాళ్ళు ఆయన గురించి ఏమంటారో కనుక్కోండి.

విశ్వాసి పార్టీలో చేరొచ్చా, పదవి తీసుకోవచ్చా?

తీసుకోవచ్చు. ఓబద్యా ఆహాబు ఇంట్లోనే గృహనిర్వాహకుడు, అక్కడే ఉండి నూరుమంది ప్రవక్తల్ని గుహకి యాభై మంది చొప్పున దాచి అన్నం, నీళ్ళు పంపాడు, కరువులో. కానీ యోసేపు కథ చివరిదాకా చదవండి (ఆదికాండం 47). కరువు నుంచి జనాన్ని బతికించాడు, నిజమే, ఆ ధాన్యానికి బదులు వాళ్ళ పశువులు, పొలాలు, చివరికి వాళ్ళనే ఫరోకి రాయించాడు. తరవాతి తరాల్లో యోసేపుని ఎరగని ఇంకో ఫరో వచ్చి యోసేపు వాళ్ళ మనుషుల్నే బానిసల్ని చేశాడు. మంచివాడు కట్టిన యంత్రం ఎవడి చేతికి పోతుందో మంచివాడు కూడా చూసుకోవాలి.

## పనిలోకి దిగాక

సరే, ఎక్కడ మొదలుపెట్టాలి?

మీ సంఘంలోనే. మందిరం ఊడ్చేవాళ్ళకి ఎంత ఇస్తున్నారు, టైంకి ఇస్తున్నారా? కానుకల లెక్క ఎవరైనా అడిగితే చూపిస్తారా? ఎవరైనా ఆడపిల్ల ఒక పెద్దమనిషి మీద కంప్లైంట్ చేస్తే ముందు ఎవరి పరువు గురించి ఆలోచిస్తారు? అపొస్తలుల కార్యములు 6లో గ్రీకు మాట్లాడే విధవరాళ్ళకి రోజువారీ పంపకంలో అన్యాయం జరుగుతోందని సణుగుడు వచ్చింది. సంఘాన్ని చీలుస్తున్నారు అని అపొస్తలులు వాళ్ళ నోరు మూయించలేదు. ఏడుగుర్ని పెట్టారు, పేర్లు చూడండి, స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు, ఏడూ గ్రీకు పేర్లే. నష్టపోయినవాళ్ళ వైపువాళ్ళ చేతికే గరిటె ఇచ్చేశారు. ఇది మీ సంఘంలో అయితే, ఆ తర్వాత ఊరి సంగతి.

ఇవన్నీ మాట్లాడితే సంఘం చీలిపోతుంది, టైం కాదు అంటున్నారు, ఏం చెయ్యాలి?

1963 ఏప్రిల్‌లో అమెరికాలోని బర్మింగ్‌హామ్‌లో, నల్లజాతివాళ్ళ హక్కుల ఉద్యమం మీద ఎనిమిది మంది తెల్లజాతి మతపెద్దలు పేపర్లో ఇదే మాట రాశారు, నిరసనలు తెలివితక్కువ పని, టైం కాదు అని. జైల్లో ఉన్న మార్టిన్ లూథర్ కింగ్ ఆ పేపర్ అంచుల మీదే జవాబు రాయడం మొదలుపెట్టాడు. టైం కాదు అనేవాళ్ళని నేను అడిగేది ఒకటే, ఎప్పుడు అవుతుందో డేట్ చెప్పండి అని. అలాగని అరిచి గెలవక్కర్లేదు, పెద్దలతో విడిగా కూర్చోండి, ఒకే ఒక్క విషయం పట్టుకోండి, వివరాలు రాసుకుని వెళ్ళండి.

మాట్లాడా, ఒంటరైపోయా, ఏమీ మారలేదు. ఇప్పుడేంటి?

1 రాజులు 22 చదవండి. యుద్ధానికి పోవాలా అని ఆహాబు అడిగితే సుమారు 400 మంది ప్రవక్తలు వెళ్ళు, గెలుస్తావు అన్నారు, ఒకాయన ఇనుప కొమ్ములు కూడా చేయించుకొచ్చి చూపించాడు. మీకాయా అనే ఇంకో ప్రవక్తని పిలవడానికి వెళ్ళిన మనిషి దారిలో, అందరూ ఒకే మాట అన్నారు, నువ్వు కూడా అదే చెప్పెయ్ అని సలహా ఇచ్చాడు, మంచి ఉద్దేశంతోనే అనుకుంటా, అలాంటి ఫ్రెండ్స్ నాకూ ఉన్నారు. మీకాయా ఉన్నదున్నట్టు చెప్పాడు, చెంపదెబ్బ తిన్నాడు, కొంచెం రొట్టె, కొంచెం నీళ్ళతో జైల్లో పెట్టమన్నారు. యుద్ధంలో ఆహాబు పోయాడు, ఆయన చెప్పినట్టే. తర్వాత మీకాయాని ఎవరైనా విడిపించారా, జైలుకెళ్ళి క్షమాపణ అడిగారా అని ఆ అధ్యాయం చివరిదాకా వెతికా. బైబిల్ మళ్ళీ ఆయన మాటే ఎత్తదు.